గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి చర్చి సాయంతో ఎలా ఏర్పడింది?

ఇందులో ఒక తమాషా ఉంది. 1883లో గుంటూరుకు వచ్చేనాటికే అన్నా సారా కుగ్లర్ ఎం.డి. చదివిన డాక్టరు. కానీ ఆమెను పంపిన అమెరికా లూథరన్ చర్చి (ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) మిషన్ బోర్డు వైద్యసేవ ఖర్చు తలకెత్తుకోవడానికి సిద్ధంగా లేదు. జెనానా పనికి, అంటే గడప దాటని ఆడవాళ్లకు ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడానికి నియమించింది. మందులు మాత్రం ఆమె వెంట తెచ్చుకున్నారు. చదువు చెబుతూనే రోగుల్నీ చూశారు. 1885 చివర్లో బోర్డు దిగొచ్చి వైద్య మిషనరీ హోదా ఇచ్చింది. 1886లో డిస్పెన్సరీ, అంటే రోగుల్ని చూసి మందులిచ్చే చిన్న వైద్యశాల తెరిచారు.

నిధుల్లో పెద్ద వాటా అమెరికాలోని చర్చి మహిళా సంఘం పోగుచేసిన చందాలదే. చందాలు కొద్దికొద్దిగానే వస్తాయి. స్థలం కొనాలి, కట్టడాలు లేపాలి. అందుకే 50 పడకల ఆసుపత్రి 1897కు గానీ తెరుచుకోలేదు.

పడకలుంటే సరిపోదు. అగ్రకులాల రోగులు పరాయి చేతి వంట ముట్టరు. తోడుగా ఇంటివాళ్లు రావాలి, వాళ్లకు పొయ్యి పెట్టుకునే చోటు కావాలి. ఆసుపత్రి ఎదుట ఆ బంధువుల కోసం సత్రం కట్టించింది ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు. నా లెక్కలో ఆపరేషన్ గదికి ఉన్నంత విలువ ఆ సత్రానికీ ఉంది: అది లేకపోతే చాలామంది అసలు చేరేవాళ్లే కాదు.

1905లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రజాసేవకు ఇచ్చే కైజర్-ఇ-హింద్ పతకాన్ని కుగ్లర్‌కు ఇచ్చింది. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఇప్పుడున్నది ఆమె పేరే.