చెరువు పచ్చబడితే మందు కొట్టకు

చిన్నా,

కైకలూరు వైపు ఆరెకరాల చేపల చెరువు లీజుకి తీసుకున్నావని వదిన ఫోన్ చేసింది. మా ఇంట్లో ఒకడు ధైర్యం చేశాడని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గట్లు పోయించడం, కలుపు తీయించడం, పిల్ల వదిలేముందు సున్నం చల్లడం నీకు తెలుసు. నా భయమల్లా నీటి రంగు గురించే.

ఆ పచ్చదనం నాచు. మేతలోని నత్రజనిలో చేప ఒంటికి పట్టేది సుమారు పావు వంతు నుంచి మూడో వంతు. మిగతాదాంట్లో చాలాభాగం అమ్మోనియాగా నీళ్లలో చేరుతుంది. దాన్ని తాగేసి చేపని బతికించేది నాచే. 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పలకని తాడుతో దించు. 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే నాచు సరిపడా ఉన్నట్టు. 20 లోపే మాయమైతే మేత తగ్గించు, కోళ్ల ఎరువు ఆపు.

తప్పు ఇక్కడే చేస్తారు. ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టగానే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) తెచ్చి చెరువంతా ఒకేసారి కొడతారు. రెండు మూడు రోజుల్లో నీళ్లు తేటబడతాయి, మనసు కుదుటపడుతుంది. చేప చచ్చేది అప్పుడేరా! చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది. తాగిన అమ్మోనియా, ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలో వదిలేస్తుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే బురదలో ఇనుము పట్టి ఉంచిన ఫాస్ఫరస్ కూడా ఊడి పైకొస్తుంది. ఆ ఎరువు తిని మళ్లీ లేచేది తరచూ నీలి ఆకుపచ్చ నాచే. నువ్వు నాచుని చంపావు, ఎరువు చెరువులోనే ఉంది.

తప్పనిసరై కొట్టాల్సి వస్తే ముందు ఆల్కలినిటీ, అంటే నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, లీటరుకి మిల్లీగ్రాముల లెక్కలో చూడు. దాన్ని 100తో భాగిస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల మైలుతుత్తం వెయ్యాలో తెలుస్తుంది. ఆల్కలినిటీ 100, నీళ్లు 5 అడుగులుంటే ఎకరానికి 6 కిలోలు. అదీ చెరువులో మూడో వంతుకే, వారం ఆగి మరో వంతు. ఆల్కలినిటీ 50 లోపుంటే ముట్టుకోకు, చెప్తున్నాను.

నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి చేపతో పాటు తానూ పీలుస్తుంది. మబ్బు పట్టిన రోజు ఇచ్చేది తగ్గుతుంది, పీల్చేది తగ్గదు. అలాంటి రాత్రి పది నుంచే ఏరేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రం) వెయ్యి. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని చూడు. బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆ పూట మేత వెయ్యకు. గట్టు మీద పాములుంటాయి నాన్నా, చేతికర్ర లేకుండా వెళ్లకు.

మీ బాబాయి