రోజూ అదే డైనోసార్ పుస్తకమా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. పడుకునే ముందు రోజూ అదే డైనోసార్ బొమ్మల పుస్తకం కావాలి, వేరేది తెరిస్తే ఏడుపే. ఆ పేర్లకేమో నాకు నోరు తిరగదు, నేను తప్పు చదివితే వాడూ తప్పే నేర్చుకుంటాడని టెన్షన్. చివరి పేజీలో ఆకాశం నుంచి నిప్పుల బండ పడే బొమ్మ ఉంది. అది చూడగానే "అమ్మా, అవన్నీ చచ్చిపోయాయా? మనం కూడా చచ్చిపోతామా?" అంటాడు. అందుకే ఆ పేజీ రాకముందే మూసేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పేజీ మూయడం మానేయండి. అమ్మ దాచిందంటే అందులో ఇంకేదో భయంకరమైనది ఉందనుకుంటాడు, మనసులో దాన్ని ఇంకా పెద్దది చేసుకుంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి మెక్సికో తీరం ఉన్న చోట ఓ పెద్ద గ్రహశకలం పడింది, దుమ్మూ మసీ ఆకాశాన్ని కమ్మేశాయి, ఎండ లేక మొక్కలు చచ్చిపోయాయి, వాటిని తినేవీ, ఆ తినేవాటిని తినేవీ పోయాయి. మీవాడికైతే "ఎండ రాలేదు, ఆకుల్లేవు, తిండి దొరకలేదు, అప్పటికి మనుషులే లేరు" అంటే చాలు. "మనం కూడానా" అన్నప్పుడు మాత్రం వాడు అడుగుతున్నది రాయి గురించి కాదు, మీ గురించి. దగ్గరికి తీసుకుని, అలాంటి రాయి పడటం చాలా చాలా అరుదనీ, అమ్మ నీ పక్కనే ఉందనీ చెప్పండి.

ఆ తర్వాత అసలైన మంచి మాట చెప్పండి: అన్నీ పోలేదు! పక్షులు డైనోసార్ల వంశమే. మా మేనకోడలికి ఈ మాట చెప్పిన మర్నాడు కిటికీ మీద కాకి వాలితే, పరుగెత్తుకెళ్లి పుస్తకం తెచ్చి టైరనోసారస్ పాదాల బొమ్మ పక్కన కాకి కాళ్లు పెట్టి చూసింది. ముందుకి మూడు వేళ్లు, వంకర గోళ్లు. "దీని కాలు మీద పొలుసులున్నాయత్తా" అని నాకే చూపించింది. అంతవరకూ నేను ఏ కాకి కాలూ అంత పరీక్షగా చూడలేదు.

ఇక పేర్లంటారా, ముక్కలు చేసి చదవండి. ట్రై, సెరా, టాప్స్. మూడు కొమ్ముల మొహం అని అర్థం చెప్పారంటే వాడే బొమ్మలో కొమ్ములు లెక్కపెట్టుకుంటాడు, ఇక ఆ పేరు మర్చిపోడు. పలకడంలో కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఇగ్వానోడాన్ అనే డైనోసార్ బొటనవేలి ముల్లును మొదట్లో శాస్త్రవేత్తలే ముక్కు మీద కొమ్మనుకున్నారు, పూర్తి అస్థిపంజరాలు దొరికాక దిద్దుకున్నారు. మీరూ "నిన్న తప్పు చదివాను నాన్నా" అనేయండి.

అదే పుస్తకం కావాలనడం మంచిదే, పిల్లలు అలాగే నేర్చుకుంటారు. పేజీ తిప్పే ముందు ఆగి "ఇప్పుడెవరొస్తారు?" అని అడగండి. ఒక రాత్రి అక్షరాలు వదిలేసి, చదివే పని వాడికే అప్పజెప్పండి.

ప్రశ్న: మా పాప పుస్తకంలో స్టెగోసారస్, టైరనోసారస్ కొట్లాడుకుంటున్నట్టు వేశారు. పైన ఎగిరే టెరనోడాన్‌ని కూడా డైనోసార్ అనే రాశారు. ఇవి తప్పులట కదా, పుస్తకం పారేయాలా?

జవాబు: తప్పులే, కానీ పారేయకండి. స్టెగోసారస్ దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటిది, టైరనోసారస్ ఏడు కోట్ల ఏళ్లలోపుది. అంటే టైరనోసారస్‌కి స్టెగోసారస్ కన్నా కాలంలో మనమే దగ్గర! టెరనోడాన్ ఎగిరే సరీసృపం, డైనోసార్లకు చుట్టం మాత్రమే. పాప చేతికి పెన్సిల్ ఇచ్చి కొట్లాడుకునే ఆ రెండింటి మధ్యా ఓ గోడ గీయమనండి, గోడ ఎందుకో మీరు చెప్పండి. రేపు ఇంటికొచ్చిన వాళ్లందరికీ తనే చెబుతుంది.