మామయ్య చెప్పిన జర్నల్ స్క్వేర్

"అన్నా, వచ్చే నెల న్యూయార్క్ డౌన్‌టౌన్‌లో ఉద్యోగంలో చేరుతున్నా. నది అవతల న్యూజెర్సీలోని జర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర రూము చూసుకో, చవక, రైలు సౌకర్యం, మనవాళ్లుంటారు అంటున్నాడు మా మామయ్య. ఆయన 2000లో అక్కడే ఉన్నాడట. నువ్వేమంటావ్?" అని అడిగాడో తమ్ముడు.

తమ్ముడూ, మీ మామయ్యా నేనూ బహుశా రోజూ ఒకే రైలెక్కినవాళ్లం. 1999లో కన్సల్టెన్సీ వాళ్లు నన్నూ తెచ్చి అక్కడే దింపారు. ఒకటే బెడ్‌రూము, నలుగురం. ఈ మధ్యదాకా అడిగిన ప్రతివాడికీ నేనూ అదే సలహా పడేసేవాణ్ణి. పోయినేడాది వేసవిలో, ఇరవయ్యేళ్లు దాటాక మళ్లీ అక్కడ రైలు దిగాను. అప్పట్నుంచి నోరు కట్టేసుకున్నాను.

కళ్లు మూసుకుని నడిచిన వీధులు కదా, ఫోన్‌లో మ్యాప్ చూడటం నామోషీ అనిపించింది. రెండు నిమిషాల్లో దారి తప్పాను. రెండు మూడంతస్తుల పాత ఇళ్లు గుర్తుంచుకుని వెళ్తే, స్టేషన్ పక్కనే 53 అంతస్తుల టవరు ఒకటి, 60 అంతస్తులది ఇంకొకటి. మొదటిది 2017లో వచ్చిందట. మేం నలుగురం కలిసి నెలకు 800 డాలర్లు కట్టాం. ఇప్పుడు ఆ టవర్లలో ఒంటిగది స్టూడియోకే 2,000 పైమాట. మామయ్య మాటలో 'చవక' అక్కడే పోయింది. ఆ చౌరస్తాకు పేరిచ్చిన జర్సీ జర్నల్ పత్రిక కూడా 2025 ఫిబ్రవరి 1న ఆఖరి సంచిక వేసి మూతపడింది. పేరు మాత్రం మిగిలింది.

న్యూఅర్క్ ఎవెన్యూ మీద, కెనడీ బులెవార్డ్ నుంచి టొనెల్ ఎవెన్యూ వైపు నడిస్తే మన దేశపు దుకాణాల వరుస ఇంకా ఉంది. కానీ నాకు గుర్తున్న బోర్డు ఒక్కటీ కనిపించలేదు. అప్పట్లో మా శనివారాలన్నీ ఇండియాకు మాట్లాడే ఫోన్ కార్డుల కోసమే. 5 డాలర్ల కార్డు గీకితే ఎన్ని నిమిషాలని రాసుండేదో అన్ని నిమిషాలు ఏనాడూ రాలేదు. అమ్మ "ఏం తిన్నావ్" అనేలోపు కట్. లోయూస్ థియేటర్ మాత్రం నిలబడే ఉంది. 1929లో కట్టింది, 1986లో మూసేస్తే ఊళ్లోవాళ్లు పోరాడి కూల్చకుండా ఆపుకున్నారు.

మీ మామయ్యను తప్పుపట్టడం లేదు. మాకూ ఒక మామయ్య ఉండేవాడు, మాకంటే పదిహేనేళ్ల ముందు వచ్చినాయన. చీకటిపడ్డాక ఒంటరిగా తిరగొద్దు, ఆడవాళ్లు బొట్టు పెట్టుకుని బయటికి రావొద్దు అని మమ్మల్ని హడలగొట్టేవాడు. ఆయన భయం ఉత్తిది కాదు. 1987లో 'డాట్‌బస్టర్స్' (డాట్ అంటే మన బొట్టే) పేరుతో మనవాళ్లను తరిమేస్తామని అదే జర్సీ జర్నల్‌కు ఉత్తరం వచ్చింది; ఆ ఏడే మనవాళ్ల మీద దాడులు జరిగాయి, పక్కనున్న హోబోకెన్‌లో ఒకతను దెబ్బలకు చనిపోయాడు. కానీ మేం వచ్చేసరికి పన్నెండేళ్లు గడిచాయి. ఆయన 1987 నాటి వీధిని 1999లో మాకు చూపించాడు, మీ మామయ్య 2000 నాటి వీధిని ఇప్పుడు నీకు చూపిస్తున్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

రైలు విషయంలో మాత్రం మామయ్య మాట నమ్ము. న్యూజెర్సీకీ న్యూయార్క్‌కీ మధ్య తిరిగే పాత్ ట్రైన్ ఇప్పటికీ పావుగంటలోపే వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దింపుతుంది. నేనున్నప్పుడు టికెట్ డాలరే, 2025లో 3 డాలర్లు అయింది. నీకు కావాల్సింది ఆ రైలే కాబట్టి జర్నల్ స్క్వేర్ ఒక్కటే అని పట్టుకోకుండా ఆ లైను మీద హారిసన్, న్యూఅర్క్ ఊళ్లు కూడా చూడు. రూము ఖాయం చేసేముందు వారం మధ్యలో పొద్దున ఎనిమిదికోసారి, రాత్రి తొమ్మిది దాటాక ఇంకోసారి స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచి చూడు. ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఏ పేటైనా బాగానే ఉంటుంది.

అద్దె కాగితం మీద నీ పేరుండాలి. నాకు లేదు. రూమ్మేటు పేరు మీద ఉంది కదా అనుకున్నాను; ఖాళీ చేసినప్పుడు నా వాటా డిపాజిట్ ఎవరి జేబులోకి పోయిందో ఇప్పటికీ తేలలేదు. న్యూజెర్సీలో నెలన్నర అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, ఖాళీ చేశాక 30 రోజుల్లో వడ్డీతో లెక్క చెప్పాలి. అక్కడ చాలాచోట్ల ఓనరు కిందుండి పైవాటాలు అద్దెకిస్తాడు. అలాంటి ఇంట్లో అద్దె వాటాలు రెండుకు మించకపోతే, ఆ చట్టం నాకు వర్తించాలని నువ్వు 30 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది మాకెవరూ చెప్పలేదు. ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకు అడ్రసు మారిందని చెప్పే ఏఆర్-11 ఫారం పంపడం మర్చిపోకు. ఉన్న ప్రతి అడ్రసూ, తేదీలతో, ఒకచోట రాసిపెట్టుకో. పౌరసత్వం దరఖాస్తులో ఐదేళ్ల అడ్రసులు అడుగుతారు. బ్యాంకులు ఒక్కోసారి నువ్వు నిజంగా నువ్వేనా అని తేల్చడానికి, పూర్వం ఏ వీధిలో ఉన్నావో చెప్పమంటాయి.

ఆ రోజు ఇంటికొచ్చాక ఏదో తిక్కపుట్టి, న్యూజెర్సీ ఖజానా శాఖ వెబ్‌సైట్‌లో ఎవరూ తీసుకోని సొమ్ముల జాబితాలో నా పేరు వెతికాను. వెతకడానికి రూపాయి ఖర్చు లేదు. ఇప్పిస్తామని కమిషన్ అడిగేవాళ్ల జోలికి పోవద్దు. మా పాత అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, అక్కడుంది. కరెంటుకు కట్టిన డిపాజిట్, నలభై చిల్లర డాలర్లు. ఆ వీధిలో నన్ను గుర్తుపట్టింది అదొక్కటే. మీ మామయ్యనూ ఒకసారి వెతుక్కోమను.