‘మూడు రోజులు చూద్దాం’ అక్కడ కుదరదు

“మా వాడికి అక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారండీ?” సెలవులకు గుంటూరు వచ్చినప్పుడల్లా, ఆగస్టులో అమెరికా వెళ్లబోయే పిల్లల తల్లులు బ్రాడీపేటలో నన్ను ఆపి అడిగే ప్రశ్న ఇది. ఎవరూ చూడరమ్మా, వాడే చూసుకోవాలి. అందుకే ఈ సమాధానం వాడికే చెబుతాను. మీరు పక్కన కూర్చుని వినండి.

మన దగ్గర జ్వరానికి ఒక వరస ఉంది. మొదటి రోజు డోలో. రెండో రోజు వీధి చివర మందుల షాపులో అడగ్గానే ఇచ్చే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. మూడో రోజుకీ తగ్గకపోతే కొత్తపేటలో డాక్టరు, రక్తపరీక్ష. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ చేతికి రాదు. వైరస్ జ్వరానికి అది ఎలాగూ పనిచేయదు కనుక దిగులు పడక్కర్లేదు. మానుకోవలసింది ‘మూడు రోజులు చూద్దాం’ అనే మాటను. ఫ్లూకి ఇచ్చే టామిఫ్లూ, లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కోవిడ్‌కి ఇచ్చే పాక్స్‌లోవిడ్‌ను 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. వయసులో ఉన్న ఆరోగ్యవంతులకు ఇవి చాలావరకు అక్కర్లేదు. ఉబ్బసం, షుగరు ఉన్నవారు, గర్భిణులు, మిమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు మాత్రం ఆ గడువు దాటనివ్వకూడదు. వచ్చింది ఏ వైరసో మొదటి రోజే తెలియాలి అనేది ఇందుకే.

పరీక్ష కిట్లు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. కోవిడ్‌నీ ఫ్లూనీ ఒకేసారి చూసే కిట్లకు 2023 నుంచి ఇంటి వాడకానికి అనుమతి ఉంది. రెండు పెట్టెలు ముందే కొని ఉంచుకోండి, జ్వరంతో మంచులో షాపుకి నడవడం నరకం. పోస్టు డబ్బాలో చలికి గడ్డకట్టిన కిట్‌ను లోపలికి తెచ్చి, రెండు గంటలు ఉంచాకే విప్పండి. చేతులు కడుక్కుని, ముక్కు చీదుకోండి. కిట్‌లోని దూది పుల్లను ముక్కులో అరంగుళమో ముప్పావంగుళమో పెడితే చాలు, 2020లో మన దగ్గర కళ్ల నీళ్లు తిరిగేలా గుచ్చినంత లోతు అక్కర్లేదు. ముక్కు లోపలి గోడకు రాస్తూ గుండ్రంగా తిప్పి, అదే పుల్లతో రెండో వైపూ చేయండి.

కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన సమయానికి, చాలా కిట్లలో 15 నిమిషాలకు, ఫోనులో అలారం పెట్టుకోండి. ముందే చూసి లేదనుకోవద్దు, సాయంత్రం చెత్తబుట్టలోంచి తీసి చూసి కంగారూ పడొద్దు. కోవిడ్ కిట్‌లో ‘సి’ దగ్గర గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. ‘టి’ దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే. ఒకే ఫ్లాటులోని కుర్రాళ్లు ఆ కిట్‌ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, ఫోను లైటు వేసి, ఉందా లేదా అని పంచాయితీ పెట్టడం నేను చూశాను. పంచాయితీ దాకా వచ్చిందంటే గీత ఉన్నట్టే.

నెగెటివ్ వచ్చిందని లైబ్రరీకి పరుగెత్తొద్దు. కోవిడ్ లక్షణాలు ఉన్నవారు 48 గంటల తర్వాత మళ్లీ చేయాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే చెప్పింది. కానీ జ్వరం గట్టిగా ఉండి ఒళ్లంతా విరగ్గొట్టినట్టు ఉంటే రెండో పరీక్ష దాకా ఆగకండి, డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే ఫ్లూ మందు గడువు కాస్తా దాటిపోతుంది.

ఇక మందులు. మన పారాసిటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలినాల్ అదే. డేక్విల్, నైక్విల్ వంటి జలుబు మందుల్లోనూ అది కలిసి ఉంటుంది. సూట్‌కేసులోంచి డోలో 650, మధ్యలో రూమ్మేట్ ఇచ్చిన టైలినాల్, పడుకునే ముందు నైక్విల్ వేసుకున్నారనుకోండి, మూడు పేర్లతో ఒకే మందు మింగినట్టు. పెద్దవారికి 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. 3000 దగ్గర ఆగడం మేలు. మందు ఏదైనా డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవనిదే మింగవద్దు. నొప్పికీ జ్వరానికీ వాడే నిమెసులైడ్ గానీ, కోడీన్ కలిసిన దగ్గు సిరప్ గానీ సూట్‌కేసులో పెట్టకండి. మొదటిదానికి అక్కడ అనుమతే లేదు, రెండోది నియంత్రణలో ఉన్న మందు.

తిండి విషయంలో మన అమ్మమ్మలతో నాకు పేచీ లేదు, ఒక్క లంఖణం తప్ప. జావ, మిరియాల చారు, మెత్తటి అన్నంలో మజ్జిగ, ఏది సహిస్తే అది తినండి. నీరు మాత్రం తగ్గకూడదు. వాంతులో విరేచనాలో ఉంటే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలుపుకోండి. ఆవిరి పడితే ముక్కుకు హాయిగా ఉంటుంది గానీ వైరస్ చావదు. సాంబ్రాణి పొగ జోలికి అసలే వెళ్లకండి, అలారం మోగి అపార్ట్‌మెంటంతా మెట్ల మీదకు వస్తుంది.

కాలేజీకి ఎప్పుడు వెళ్లవచ్చు? జ్వరం మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచి, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాక వెళ్లవచ్చనీ, ఆపై 5 రోజులు మాస్కు వంటి జాగ్రత్తలు తీసుకోవాలనీ అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2024 మార్చిలో చెప్పింది.

ఆయాసం, ఛాతీలో నొప్పి, మనిషి అయోమయంగా మాట్లాడటం, పెదవులు నీలం తిరగడం, వీటిలో ఏది కనిపించినా బిల్లు గురించి ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోను చేయండి. అంత కాకపోతే యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రం, లేదంటే బీమా కార్డు వెనుక ఉండే నర్సు నంబరు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటరును మరీ నమ్మవద్దు. ముదురు రంగు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చని ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది, మన రంగు సంగతి మనకు తెలిసిందే. అంకె 96 ఉన్నా మెట్లెక్కలేకపోతుంటే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

సెలవులకు వచ్చి వెళ్లేవారికి ఇంకో సంగతి. వానాకాలంలో గుంటూరులోనో బెజవాడలోనో ఉండి, తిరిగి వెళ్లిన రెండు వారాల్లోపు జ్వరమొస్తే డెంగీనీ మలేరియానూ, నెలల తర్వాత వచ్చినా మలేరియాను అనుమానించాలి. అక్కడి డాక్టరుకు అవి వెంటనే తట్టకపోవచ్చు. ఆయన అడిగేదాకా ఆగకుండా, ఏ తేదీన ఇండియా నుంచి వచ్చారో మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష అడగండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే వాడండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రూమ్మేట్ డబ్బాలోని యాడ్విల్, మోట్రిన్, అలీవ్ కూడా ఆ కోవలోవే.