పాత అమెరికన్ పాకెట్ వాచీ కొనేముందు వెనక మూత తీయించి చూడండి

మీ ప్రశ్న చదివాను. పాత సామాన్ల షాపులో ఎల్గిన్ కంపెనీ పాకెట్ వాచీ 120 డాలర్లకు ఇస్తామంటున్నారు, వెనక మూత మీద రైలింజన్ బొమ్మ ఉంది, మూత లోపల 20 ఏళ్ల గ్యారంటీ అని ఉంది, ఇది బంగారమేనా, రైల్వే వాచీయేనా, కలెక్షన్ దీంతో మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

పూర్తి బంగారం కాదు. ఆ 20 ఏళ్ల గ్యారంటీ వాచీ నడవడం గురించి కాదు, ఇత్తడి రేకుకు రెండు వైపులా అతికించిన పల్చటి బంగారం అన్నేళ్లు వాడినా అరిగిపోదని కేసు (మెషిన్‌ను పెట్టే పై డబ్బా) తయారు చేసినవాళ్లు ఇచ్చిన మాట. అంచులు, కీ ఇచ్చే బొడిపె కింద మెడ దగ్గర వెలుతురులో చూడండి, అరిగిన చోట ఇత్తడి బయటపడి ఉంటుంది. రైలు బొమ్మను కూడా నమ్మకండి. ఆ బొమ్మ ఎవరైనా ముచ్చటపడి కొనుక్కునే అలంకారం. రైల్వేలో నిజంగా డ్యూటీ చేసినవాళ్ల వాచీలు చాలావరకు సాదా కేసుల్లోనే ఉంటాయి. నేనుండే ఒహాయోలోనే 1891లో కిప్టన్ దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయి, ఒక డ్రైవర్ వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడవడం వల్లేనని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ తర్వాతే క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్ రైల్వేల కోసం వాచీల తనిఖీ పద్ధతి పెట్టాడు. ముందు మూత ఉండకూడదు, 18 లేదా 16 సైజు (మెషిన్ వెడల్పు చెప్పే అమెరికన్ కొలత) ఉండాలి, కనీసం 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) ఉండాలి, నిలబెట్టీ పడుకోబెట్టీ ఐదు భంగిమల్లో సరిచూసి ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు, ఇలా రూల్స్ గట్టిపడుతూ వచ్చాయి. అలాంటి రైల్వే వాచీలో టైమ్ మార్చాలంటే అద్దం చట్రం విప్పి లోపలున్న చిన్న లివర్ బయటికి లాగాలి, ఎందుకంటే జేబులో బొడిపె పొరపాటున లాగబడి ముళ్లు జరిగితే ప్రాణాలు పోతాయి. మీరు చూసిన దాంట్లో ఈ లివర్ లేకపోతే రైల్వే వాచీ మాట అక్కడితో వదిలేయండి.

అసలు వాచీ అంటే లోపలి మెషిన్. అప్పట్లో నగల షాపుకెళ్తే మెషిన్ వేరుగా, కేసు వేరుగా చూపించేవాళ్లు, జేబుకు తగ్గట్టు ఎంచుకుంటే రెండూ కలిపి బిగించి ఇచ్చేవాళ్లు. అందుకే కేసు మీది నంబరుతో వాచీ వయసు తేలదు. మెషిన్ మీద చెక్కిన సీరియల్ నంబరు కావాలి, అది ఉంటే ఏ ఏడాది తయారైందో, ఏ గ్రేడో నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కేసు అంచు మీద స్క్రూ నొక్కుకున్న గుర్తులు చూడండి, ఒక జత కాక రెండు జతలు ఉంటే ఆ కేసులో ఇంతకుముందు ఇంకో మెషిన్ ఉండేదన్నమాట.

ఇక నేను చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం మా ఒహాయోలోనే కాంటన్ పక్కన ఒక చిన్న ఊళ్లో బంగారం కొనే షాపుకి వెళ్లాను, వాళ్ల దగ్గర అప్పుడప్పుడు పాత వాచీలు ఉంటాయని. (కాంటన్‌లోని డూబర్-హ్యాంప్‌డెన్ వాచీ ఫ్యాక్టరీ మూతపడ్డాక 1930లో అక్కడి యంత్రాలన్నీ సోవియట్ రష్యా కొనుక్కుని మాస్కోకి తరలించింది, ఇక్కడి పాత పనివాళ్లు కూడా వెళ్లి అక్కడివాళ్లకు పని నేర్పారు. ఈ సంగతి చుట్టుపక్కల చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.) కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది, వాళ్ల తాతగారి వాచీ అమ్ముతోంది. 14 క్యారెట్ల కేసు, ముందు మూత ఉన్నది, లోపల వాల్థమ్ కంపెనీ రివర్‌సైడ్ మోడల్ మెషిన్. షాపతను వెనక మూత తెరిచినప్పుడు నేను పక్కనుంచి చూశాను. లోపలి వైపు "క్రిస్మస్ 1907" అని అందమైన అక్షరాలతో చెక్కి ఉంది, దాని కింద సూదితో గీసినంత సన్నగా ఏవో అంకెలు, అక్షరాలు, నాలుగైదు చోట్ల. రిపేరు చేసిన ప్రతి మెకానిక్ తన గుర్తూ తేదీ అలా గీసి పెట్టేవాడు. అంటే ఆ వాచీని ఎవరెవరు బాగుచేశారో అంతా ఆ మూతలోనే రాసి ఉంది. నేను నోరు తెరిచేలోపే అతను రెండు స్క్రూలు విప్పి, మెషిన్ తీసి ఐస్‌క్రీమ్ డబ్బాలో పడేశాడు, కేసు తూకంలో పెట్టాడు. ఆ డబ్బాలో అలాంటివి ముప్పై నలభై దాకా ఉన్నాయి. ఆ మెషిన్ మాత్రం ఇంకా టిక్ టిక్ అంటూనే ఉంది.

మొత్తం వాచీ నేనే కొంటానన్నాను. తూకం అయిపోయింది, బిల్లు రాసేశాను అన్నాడు. ఆ పెద్దావిడ తప్పేం లేదు, ఆమె అవసరం ఆమెది. ఆ మెషిన్ ఒక్కటీ 40 డాలర్లకు తెచ్చుకున్నాను. నికెల్ పలకల మీద అలలు అలలుగా నగిషీ, మధ్యలో ఎర్రటి కెంపులు, ఇప్పటికీ కీ ఇస్తే నడుస్తుంది. ఇంకో కేసులో పెట్టమని స్నేహితులు అంటారు, నాకు మనసొప్పలేదు.

బంగారం ధర పెరిగినప్పుడల్లా ఇదే జరుగుతోంది, 1980లో జరిగింది, 2011లో జరిగింది, ఇప్పుడూ జరుగుతోంది. మనమూ అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త మోడల్ నెక్లెస్ చేయించుకునేవాళ్లమే కాబట్టి ఈ బాధ మనకు అర్థం కావాలి. అందుకే బంగారు కేసులో ఉన్న పాత వాచీ ఎవరైనా అమ్ముతుంటే బంగారం షాపుకి వెళ్లకముందే వాచీలు కొనేవాళ్లకి చూపించమని చెప్పండి.

మీ ఎల్గిన్ విషయానికొస్తే, ఆ కంపెనీ దాదాపు 6 కోట్ల వాచీలు తయారు చేసింది, కాబట్టి పాతది అయినంత మాత్రాన అరుదైనది కాదు. 7 జ్యువెల్స్ దైతే 120 ఎక్కువ, అదే "బి.డబ్ల్యు. రేమండ్" అనే మోడల్ పేరు మెషిన్ మీద ఉంటే ఆలోచించకుండా తీసుకోండి. 1867లో ఎల్గిన్ అమ్మిన మొట్టమొదటి వాచీ ఆ పేరుతోనే వచ్చింది. ఒక్క విషయం, ఎన్నాళ్లుగానో ఆయిల్ వెయ్యని వాచీకి "నడుస్తుంది" అని చూపించడానికి కీ ఇచ్చి ఊపుతుంటారు, అది చూసి మోసపోవద్దు, సర్వీసింగ్ ఖర్చు వాచీ ధరను దాటిపోతుంది. పింగాణీ డయల్ మీద వెంట్రుకలాంటి పగుళ్లు ఉంటే ధర తగ్గించమనండి. వెనక మూత స్క్రూ టైపైతే అరచేత్తో గట్టిగా అదిమి ఎడమవైపు తిప్పితే వస్తుంది, స్క్రూడ్రైవర్ పెట్టి మాత్రం తెరవద్దు. తెరిచాక మెషిన్ నంబరు కనిపించేలా ఒక ఫొటో, మూత లోపలి వైపు ఇంకో ఫొటో ఇక్కడ పెట్టండి, గీతలేమైనా ఉంటే అవి కూడా కనిపించాలి.