ఆ గడిలో 11 అనే రాసెయ్

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ప్రమోషన్ ఫైల్లో హెచ్-ఇండెక్స్ గడి దగ్గర రెండు రోజులుగా ఆగిపోయానని రాశావు. పాత ఎముకల మీద పనిచేసే నీది 11, పక్క గదిలో మానవ జన్యువుల మీద పనిచేసే అతనిది 34. అదీ నీ టెన్షన్. ఆ గడిలో 11 అనే రాసెయ్. అసలు పని దాని కింద వదిలిన ఒక్క పేజీలో ఉంది.

ఆ అంకె 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క. 11 అంటే, ఒక్కోదానికీ కనీసం 11 సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, వచ్చిన పేపర్లు నీకు 11 ఉన్నాయని. అంతే. ఒకదానికి వెయ్యి వచ్చినా అందులో ఒకటిగానే లెక్క. యాభైమంది రచయితల్లో నలభయ్యోవాడికీ అదే మార్కు, ఎండలో కూర్చుని ఎముక తవ్వినవాడికీ అదే మార్కు. రంగాన్ని బట్టి అంకె మారుతుందని హిర్షే రాశాడు. కమిటీలు ఆ ముక్క మర్చిపోతాయి.

జెనెటిక్స్‌లో ల్యాబులెక్కువ, పేపర్లెక్కువ. ఒకరు కొత్త సంగతి బయటపెడితే ఏడాది తిరక్కుండా పది గ్రూపులు అందుకుంటాయి. శిలాజాల దారి వేరు. చేపకీ నాలుగు కాళ్ల జంతువుకీ మధ్య మెట్టు లాంటి శిలాజం, టిక్టాలిక్ సంగతే చూడు. కెనడా ఆర్కిటిక్‌లో వెతుకులాట 1999లో మొదలైతే ఎముకలు దొరికింది 2004లో, పేపర్ వచ్చింది 2006లో. అది అదృష్టవంతుల కథ! పైగా పత్రికల స్థాయికి కొలతగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసేది వెనకటి రెండేళ్ల పేపర్లనే. వందేళ్ల కిందటి వర్ణనను ఇవాళ కూడా బల్ల మీద తెరిచి పెట్టుకునే మన రంగానికి ఆ కొలబద్ద ఏం పనికొస్తుంది?

ఇంకో చిక్కుంది. టైరానోసారస్ రెక్స్ పేరు పక్కన, ఆ పేరు పెట్టినాయన గుర్తుగా ఆస్బర్న్, 1905 అని రాస్తారు. ఆ పేరు వాడినవాళ్లంతా ఆయన పనిని వాడుకున్నట్టే. కానీ ఆ 1905 వ్యాసాన్ని రిఫరెన్సుల జాబితాలో చాలామంది పెట్టరు. సైటేషన్లు లెక్కపెట్టే మెషీన్ చూసేది ఆ జాబితానే. నువ్వు పేరు పెట్టిన జాతికీ ఇదే గతి.

ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోని మెండెల్ కథ చెప్పి నిన్ను ఓదార్చను, అది అందరూ చెబుతారు. దానికి బదులు ఒక సాయంత్రం ఖర్చుపెట్టు. నీ పేపర్లలో ముఖ్యమైనవి ఐదు తీసుకుని, వాటిని ఉదహరించిన ప్రతి పేపరూ తెరువు. నీ పేరు పక్కనున్న వాక్యం చదువు. నీ డేటా వాడుకున్నారా, నీ పద్ధతి తీసుకున్నారా, నీతో పేచీ పడ్డారా, ఊరికే పేరు తగిలించారా? ఒక్కోదాని ఎదురుగా ఒక్క మాట రాసుకో.

రిటైరయ్యే ముందు నేనూ ఈ పని చేశాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు తెచ్చిన పేపర్ ఉంది చూడు, సగానికి పైగా చోట్ల అది 'ఈ విషయం మీద ఇటీవల అనేక అధ్యయనాలు జరిగాయి' అనే వాక్యం చివర, ఏడు పేర్ల మధ్య ఇరుక్కుని కనిపించింది. ఆరేళ్లు పట్టిన దవడ ఎముక వర్ణనకు వచ్చినవి తొమ్మిదే. ఆ తొమ్మిదిలో నలుగురు నా కొలతల పట్టికను ఉన్నదున్నట్టు తమ విశ్లేషణలో వాడుకున్నారు. ఒకతను, మూడో దంతం మీది గాడిని నేను తప్పుగా చదివానని దిద్దాడు. అతను చెప్పింది నిజమే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు గానీ, నా పనిని అంత దగ్గరగా చూసినవాడు మరొకడు లేడు.

తప్పుకీ సైటేషన్లు వస్తాయని నీకు తెలుసు. 1994లో 8 కోట్ల ఏళ్ల నాటి ఎముకలో డీఎన్ఏ దొరికింది, డైనోసార్‌దే కావచ్చు అని 'సైన్స్' పత్రికలో వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే అది మనిషి డీఎన్ఏ, నమూనాలో కలిసిపోయింది. ఆ తప్పు పట్టుకున్న పేపర్లు కూడా దాని ఖాతాలో సైటేషన్లుగానే పడ్డాయి. పద్ధతుల పేపర్ల సంగతి వేరే. సైతౌ, నెయ్ 1987లో ఇచ్చిన నైబర్-జాయినింగ్ పద్ధతిని వేలకు వేల మంది ఉదహరించారు, జీవుల వంశవృక్షం గీయాలంటే ఏదో ఒక పద్ధతి కావాలి కాబట్టి. దాని పక్కన ఒక దవడ ఎముకను నిలబెట్టి ఎత్తు కొలవకూడదు.

ఇక ఆ పేజీ. మూడు పేపర్లు చాలు. 'ఈ వ్యాసానికి 23 సైటేషన్లు' అని రాయకు. 'ఆ 23లో 8 మా డీఎన్ఏ సీక్వెన్సులను తీసుకుని మళ్లీ విశ్లేషించాయి' అని రాయి. ఆ సీక్వెన్సులను భద్రపరిచే జెన్‌బ్యాంక్ డేటాబేస్ నంబర్లు, మ్యూజియం నమూనా నంబర్లు పక్కనే ఇవ్వు. పెద్ద టీమ్ పేపరైతే నీ వంతు విడమర్చి చెప్పు: ఎముక పొడి చేసింది, డీఎన్ఏ తీసింది, బయటి డీఎన్ఏ ఎంత కలిసిందో లెక్కగట్టింది నువ్వే కదా. నిన్ను నువ్వే ఉదహరించుకున్నవి ఎన్నో కూడా అక్కడే చెప్పేయ్, వాళ్లు వెతికి పట్టుకునేదాకా ఆగకు. పత్రిక పేరు చూసి మనిషి పనిని తూచొద్దని చెప్పే శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ మీద మీ సంస్థ సంతకం చేసిందేమో కనుక్కో. చేసి ఉంటే ఆ మాట ఒక వాక్యంలో, మర్యాదగా గుర్తుచెయ్.

నీ గూగుల్ స్కాలర్ పేజీ కూడా శుభ్రం చేసుకో. ఇనిషియల్స్ ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే ఒకే మనిషి ఇద్దరవుతారు. ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబర్ పెట్టుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. నా పేజీలో నాలుగేళ్లపాటు ఎవరిదో సిమెంట్ మీద పేపర్ కూర్చుంది. దవడ ఎముక కన్నా దానికే సైటేషన్లెక్కువ.

డ్రాఫ్ట్ గురువారం లోపు పంపు, చదివి దిద్ది ఇస్తాను. అక్షరాలు మరీ చిన్నవి పెట్టకు. కళ్లజోడు మార్చాల్సి ఉంది, ఇంకా మార్చలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు