గేర్‌బాక్స్ రిపేరు చేసిన మెకానిక్ కారు తిరిగి ఇవ్వడం లేదు... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. 2014 మోడల్ డీజిల్ కారు, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ గేరు వేస్తుంటే కటకటమనేది, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు లోపల గరగరమని చప్పుడు వచ్చేది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని, లక్ష దాటుతుందని చెప్పారు. తెలిసినవాళ్లు చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. 32 వేలకు మొత్తం విప్పి కొత్త సామాను వేసిస్తానని, ఆరు నెలలు గ్యారంటీ అని చెప్పాడు. డబ్బు ఫోన్‌పేలో కట్టాను. బిల్లు ఇవ్వలేదు, ఒక చీటీ మీద లెక్క రాసిచ్చాడు. ఐదు వారాలకే మళ్లీ అదే కటకట. గ్యారంటీ కింద చూడమని బండి ఇస్తే, నాకు ఒక్క మాట చెప్పకుండా గేర్‌బాక్స్ దించేసి, 'మీ డ్రైవింగ్ వల్లే పోయింది, ఇంకో 18 వేలు కడితేనే బండి' అంటున్నాడు. అసలు ఇప్పుడున్న గేర్‌బాక్స్ మాదేనా అని కూడా అనుమానంగా ఉంది. కొత్తది వేయించకుండా రిపేరుకు ఒప్పుకున్నాను కాబట్టి కేసు వేసే హక్కు ఉండదని మా బావగారు అంటున్నారు. నిజమేనా? గేర్‌బాక్స్ మారిపోయి ఉంటే ఆర్సీకి ఇబ్బందా?

జవాబు: మీ బావగారు చెప్పిన నియమం ఏ చట్టంలోనూ లేదు. అరిగిన గేర్‌బాక్స్‌ను విప్పి బాగుచేయించడం తక్కువ రకం పనేమీ కాదు. ఆ వయసు కార్లకు చాలామంది చేసేది అదే. డబ్బు తీసుకుని చేసిన ఇలాంటి రిపేరు పని వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం 'సేవ'. అందులో లోపం ఉంటే, కట్టింది 32 వేలైనా మూడు లక్షలైనా, మీరు వినియోగదారే. హక్కు ఉంది సరే, దాన్ని నిరూపించడంలోనే అసలు చిక్కు.

కొత్త గేర్‌బాక్స్ వేయిస్తే దానికో నంబరు, కంపెనీ బిల్లు, వారంటీ కాగితం ఉంటాయి. పాడైతే కాగితం చూపించి అడగొచ్చు. బాగుచేయించినప్పుడు మీరు ప్రధానంగా కొన్నది మెకానిక్ పనితనాన్ని. మూత బిగించాక లోపల ఏం వేశాడో, ఏది పాతదే వదిలేశాడో బయటికి కనపడదు. లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషన్ ముందు నిలబడి 'వాడు మోసం చేశాడండీ' అంటే సరిపోదు.

అందుకే మీ పరిస్థితిలో నాకు ఒక సంగతి కలిసొచ్చేదిగా కనిపిస్తోంది. మీకు చెప్పకుండా దించడం తప్పే గానీ, ఆ గేర్‌బాక్స్ ఇప్పుడు విప్పి ఉంది. రేపే వెళ్లండి, తగవు పెట్టుకోకుండా ఫోటోలు, వీడియోలు తీయండి. ముఖ్యంగా సెకండ్ గేరు సింక్రో రింగు, అంటే గేరు చప్పుడు లేకుండా పడేలా వేగాలు కలిపే రింగు. ఇత్తడి రంగులో, చుట్టూ పళ్లతో ఉంటుంది. దాన్ని గేరు కోన్ (రింగు కూర్చునే శంకు ఆకారపు భాగం) మీద పెట్టి వేలితో నొక్కితే, బాగున్న రింగుకూ గేరు పళ్లకూ మధ్య సన్నని సందు మిగులుతుంది. అరిగినదైతే దాదాపు ఆనుకుపోతుంది. ఆ సందు కనిపించేలా పక్కనుంచి తీయండి. రింగు లోపలి వైపు సన్నని గాడులు ఉన్నాయా, నున్నగా అరిగిపోయాయా చూడండి. పళ్ల కొసలు మొద్దుబారాయేమో చూడండి. ఐదు వారాల కిందట వేసిన 'కొత్త' రింగు అలా ఉంటే ఇక వాదించాల్సింది పెద్దగా ఉండదు. బేరింగుల మీద తయారీదారు పేరు, నంబరు చెక్కి ఉంటాయి. అవి కూడా తీయండి. మొదటిసారి తీసేసిన పాత సామాను ఎక్కడుందో అడగండి. అమ్మేశానంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

'మీ డ్రైవింగ్ వల్లే' అన్నది ఆటోనగర్‌లో అందరూ వినే మాటే. కానీ పూర్తిగా కొట్టిపారేయకండి. క్లచ్ పూర్తిగా తొక్కకుండానే గేరు లాగేవాళ్లు రింగుల్ని త్వరగానే అరగదీస్తారు. ఎదుటి లాయరు మిమ్మల్ని మొదట అడిగేది ఇదే. మీ వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న వేరు: గేర్‌బాక్స్ దించినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ (క్లచ్ తొక్కినప్పుడు దాన్ని విడదీసే బేరింగ్) చూశారా? క్లచ్ సరిగా విడవకపోతే రింగు ఎంత కొత్తదైనా కటకటమంటుంది. క్లచ్ చూడకుండా గేర్‌బాక్స్ ఎక్కించేసి ఉంటే అది డ్రైవరు తప్పు కాదు, పని చేసినవాడి అశ్రద్ధ. ఏ గ్రేడు ఆయిల్ పోశారన్నది కూడా అడగండి. కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఒకటి, పోసింది ఇంకొకటి అయితే అది మీకు మంచి పాయింటు.

ఈ పరిశీలన అయ్యేదాకా ఆ గేర్‌బాక్స్‌ను ఇంకో మెకానిక్ చేత విప్పించకండి, బిగించనివ్వకండి. చేతులు మారిందంటే 'నేను చేసింది బాగానే ఉంది, ఆ రెండోవాడు పాడుచేశాడు' అని మీ మెకానిక్ అంటాడు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌నో, ఆటోమొబైల్ ఇంజినీర్‌నో తీసుకెళ్లి, మెకానిక్ ఎదుటే చూపించి, రెండు పేజీల రిపోర్టు రాయించుకోండి. దానికయ్యే ఫీజు దండగ అనుకోకండి. ఈ కేసులో మీరు పెట్టే ఖర్చుల్లో బాగా పనికొచ్చేది అదే. మెకానిక్ లోపలికి రానివ్వకపోతే, కేసు వేశాక కమిషన్‌నే అడ్వొకేట్ కమిషనర్‌ను (కమిషన్ తరఫున వెళ్లి చూసొచ్చే లాయరును), నిపుణుణ్ణి పంపమని కోరదాం.

ఇక బండి ఆపుకోవడం గురించి. మెకానిక్‌కు ఈ విషయంలో అసలు హక్కే లేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద శ్రమ పెట్టి పని చేసినవాడు తన కూలి వచ్చేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణలున్నాయి. సానబెట్టడానికి వజ్రం ఇస్తే, కూలి ఇచ్చేదాకా పనివాడు దాన్ని ఆపొచ్చు. కోటు కుట్టగానే ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అని ఒప్పుకున్న దర్జీ మాత్రం ఆపడానికి వీల్లేదు. అంటే మొదట ఏం మాట్లాడుకున్నారో అదే కొలమానం. మీరు 32 వేలు ముందే కట్టేశారు. రెండోసారి బండి ఇచ్చింది గ్యారంటీ కింద సరిచేయడానికి. ఆ పనికి కూలి మాట్లాడుకోలేదు, 18 వేలకు మీరు ఊ అనలేదు. కాబట్టి ఆ సొమ్ము కోసం బండి ఆపే హక్కు ఆయనకు లేదన్నది నా అభిప్రాయం. పాత బాకీలన్నిటికీ కలిపి వస్తువును ఆపుకునే హక్కు 171వ సెక్షన్‌లో బ్యాంకర్లకు, మరికొందరికి ఉంది. ఆ జాబితాలో మెకానిక్ లేడు. ముందు మాట్లాడుకోని 'పార్కింగ్ చార్జీ' రోజుకింత అని మొదలుపెట్టినా అంతే.

అయితే గ్యారంటీ నోటిమాటే కదా అంటారేమో. నోటిమాట కూడా ఒప్పందమే. 'మీరు ఆరు నెలలు గ్యారంటీ ఇచ్చారు, ఐదు వారాలకే పోయింది' అని ఇవాళే మామూలుగా, తిట్లు లేకుండా ఒక మెసేజ్ పెట్టండి. 'గ్యారంటీ ఎక్కడిచ్చాను' అనకుండా 'చూద్దాంలే' అన్నా చాలు, మీకు ఉపయోగపడుతుంది. ఆ చీటీ జాగ్రత్త. బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుందని భయపెట్టడం మామూలే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న మెకానిక్ కూడా మామూలు కాగితం మీద సంతకం పెట్టి రసీదు ఇవ్వొచ్చు. చట్టం చెప్పిన తీరులో బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం 'అనుచిత వ్యాపార పద్ధతి'లో చేర్చింది. ఫిర్యాదులో దాన్ని విడిగా రాద్దాం. ఫోన్‌పేలో డబ్బు ఎవరి పేరు మీదికి వెళ్లిందో చూసుకోండి. చాలా షాపుల్లో ఆ ఖాతా భార్య పేరునో తమ్ముడి పేరునో ఉంటుంది. ప్రతివాదిగా పెట్టాల్సింది షాపు యజమానిని, కాబట్టి బోర్డు ఫోటో కూడా ఉండాలి.

రెండో తాళం చెవి ఉంది కదా అని, నలుగురు కుర్రాళ్లను తీసుకెళ్లి బండి తెచ్చేసుకునే ఆలోచన మాత్రం వద్దు. అప్పుడు కేసు మీ మీదికి తిరుగుతుంది. బండి అత్యవసరమైతే రెండు దారులున్నాయి. ఒకటి, 'అభ్యంతరంతో కడుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు' అని రాతపూర్వకంగా చెప్పి, ఆ డబ్బు కట్టి బండి తెచ్చుకుని, తర్వాత దాన్ని కూడా కేసులో అడగడం. రెండు, కేసు వేస్తూనే బండి ఇప్పించమని వినియోగదారుల చట్టం 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరడం. ఆటోనగర్ షెడ్డులో విప్పిన గేర్‌బాక్స్ నెలల తరబడి దుమ్ము పట్టడం కన్నా మొదటిదే మేలని చాలాసార్లు అనిపిస్తుంది. కానీ ముందు ఫోటోలు, రిపోర్టు. ఆ తర్వాతే డబ్బు.

కేసు ఎక్కడంటే, విజయవాడ తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివాసం ఉండే చోట కూడా వేయొచ్చని అదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. మీకు గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. అంతకుముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మెకానిక్ పేరు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టరీత్యా తప్పనిసరి కాదు గానీ, సగం గొడవలు ఆ నోటీసు అందాక ఫోన్‌లోనే తేలిపోతాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసుకు ముందే లోక్ అదాలత్‌కు పెట్టుకోవడం ఇంకో మార్గం, పైసా ఖర్చుండదు.

ఎంత వస్తుందని అడుగుతారు. 32 వేలు వెనక్కి, లేదా సరిగా బాగుచేయించడానికయ్యే ఖర్చు, బండి లేని రోజుల్లో పెట్టుకున్న కిరాయిల రసీదులు, కొంత పరిహారం, కోర్టు ఖర్చులు. సర్వీస్ సెంటర్ చెప్పిన కొత్త గేర్‌బాక్స్ ఖరీదు మెకానిక్ నుంచి రాబట్టాలనుకోకండి. మీరిచ్చింది అరిగిన గేర్‌బాక్స్. దాని బదులు కొత్తది ఇప్పించడం కష్టం. ఆ లక్ష అడిగితే మీ న్యాయమైన 32 వేలు కూడా అత్యాశలా కనిపిస్తాయి. ఇన్సూరెన్సు వైపు కూడా చూడకండి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటారు పాలసీలోకి రావు.

మీలాంటి ప్రశ్నే ట్యాక్సీ డ్రైవర్లూ అడుగుతుంటారు. సొంత బండి నడుపుకుంటూ దాని మీదే బతికేవారు కూడా వినియోగదారులే. పది బండ్లు తిప్పే ట్రావెల్స్ యజమాని అయితే కథ వేరు.

గేర్‌బాక్స్ మారిపోయిందన్న అనుమానం సంగతి. ఆర్సీలో ఉండేది ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు. గేర్‌బాక్స్ నంబరు ఉండదు. అదే మోడల్‌ది వేస్తే ఆర్సీకి ఇబ్బంది లేదు, బండి అమ్ముకోవడానికీ అడ్డు లేదు. చాలా గేర్‌బాక్సుల కేసింగ్ మీద చెక్కిన నంబరో స్టిక్కరో ఉంటుంది. అది ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపించి, మీ మోడల్‌దేనా అని అడగండి. బండి చేతికొచ్చాక ఐదో గేరులో ఒకే వేగానికి ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) మునుపటికన్నా తేడాగా ఉంటే, వేరే వేరియంట్ గేర్‌బాక్స్ ఎక్కించారని అనుమానించొచ్చు. నిజంగానే మార్చేసి ఉంటే ఇది సేవాలోపం దాటి భారతీయ న్యాయ సంహిత 316, 318 సెక్షన్ల దాకా, అంటే నమ్మకద్రోహం, మోసం దాకా వెళ్తుంది. రుజువు లేకుండా స్టేషన్‌కు వెళ్తే మాత్రం సివిల్ మేటర్ అని పంపించేస్తారు. నంబరు తేలాక వెళ్లండి. సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేశానని మెకానిక్ ఒప్పుకుంటే, అది ఏ బండిది, ఎక్కడ కొన్నాడు అని బిల్లు అడిగి తీసుకోండి. దొంగ బండి సామాను అని తేలితే పోలీసులు మీ ఇంటికి కూడా వస్తారు.